ఫోన్ స్కోరు చూసి ఆడించొచ్చా?

(చీలమండ బెణికిన ఆటగాళ్ల నిలకడను ఫోన్ యాప్‌తో పరీక్షించడంపై స్టూడియో చర్చ. అడ్డుపడిన మాటలను కూడా అలాగే ఉంచాం.)

యాంకర్: నమస్కారం. యాప్‌లో స్కోరు బాగుందని ఒక కబడ్డీ కుర్రాణ్ని ఆడించారు. వారం తిరక్కుండానే అదే కాలు మళ్లీ మడతపడింది. తప్పెవరిది? పల్లెటూరి పిల్లాడికి ఫోన్ తప్ప దిక్కేముందన్నది నా ప్రశ్న. కోచ్ గారూ?

కోచ్: ఇరవై ఏళ్లుగా కబడ్డీ నేర్పుతున్నానండీ. ఆంకిల్ హోల్డ్, అంటే చీలమండ దగ్గర పట్టు పడిందంటే పాదం అక్కడే ఉండిపోతుంది, మనిషి ఇటు తిరుగుతాడు. మా ఊరి నుంచి ఫిజియో దగ్గరికి వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి. ఫోనంటారా, జేబులోనే ఉంటుంది. ఛాతీకి ఆనించుకుని ఒంటికాలి మీద నిలబడితే ఎంత తూలుతున్నాడో అంకె వచ్చేస్తుంది.

ఫిజియో: ఛాతీకి అన్నారు చూడండి, అసలు చిక్కంతా...

కోచ్: ఒక్క నిమిషం మేడమ్, నన్ను పూర్తి చేయనివ్వండి...

ఫిజియో: చిక్కంతా అక్కడే ఉంది. ఫోన్‌లో కదలికను కొలిచే యాక్సిలరోమీటర్ అది ఆనిన చోటి కదలికనే పట్టుకుంటుంది. పైన ఛాతీ నిలకడగా ఉన్నా కింద పాదం ఒరుగుతూ ఉండొచ్చు.

యాంకర్: మరి పల్లెటూరి పిల్లాడి సంగతేంటి మేడమ్?

ఫిజియో: అతనికి పైసా ఖర్చు లేని పరీక్షే ఉంది. నేల మీద వై ఆకారంలో టేపు అంటించి, ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు మూడు దిక్కులా చాపమంటాం. ముందుకు చాపినప్పుడు రెండు కాళ్ల మధ్య తేడా 4 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

కోచ్: కొలిచేదెవరు? నేనే కదా! మనిషి కన్ను తప్పు పోతుంది. ఫోన్ అబద్ధమాడదు.

సర్జన్: నేనొక మాట చెప్పొచ్చా? పాదం లోపలికి మడతపడితే ముందు దెబ్బతినేది బయటివైపు లిగమెంట్, అంటే ఎముకలను కలిపి ఉంచే పట్టీ. వాపు తగ్గుతుంది, నొప్పి పోతుంది. కానీ పాదం ఎటు ఒరుగుతోందో మెదడుకు సరిగ్గా తెలియదు. ఐర్లాండ్‌లో మొదటిసారి బెణికినవాళ్లను ఏడాది పాటు గమనిస్తే, 40 శాతం మందికి ఆ అస్థిరత అలాగే ఉండిపోయింది. 2016లో వచ్చిన అధ్యయనం అది. మెట్లు దిగేటప్పుడు కాలు ఆగుతోందా లేదా అని అడిగే తొమ్మిది ప్రశ్నల పట్టిక కూడా...

యాంకర్: పుత్తూరు కట్టు కడితే సరిపోదా సార్?

కోచ్: మా నాన్నకు అక్కడే కట్టించాం! మూడు నెలల్లో పొలంలోకి దిగాడు. ఆ రోజుల్లో మ్యాట్ ఎక్కడిది, మట్టి నేల మీదే ఆడేవాళ్లం...

సర్జన్: కట్టు ఎముక కదలకుండా పట్టి ఉంచుతుంది. పోయిన నిలకడ సాధనతోనే తిరిగి వస్తుంది. ఆ పట్టిక గురించి...

కోచ్: మాటలెందుకు? ఇదిగో చూడండి. (లేచి, ఫోన్ ఛాతీకి ఆనించి ఒంటికాలి మీద నిలబడ్డారు.)

ఫిజియో: (వంగి) కెమెరా కిందికి దించండి, దయచేసి. ఛాతీ కదలడం లేదు, నిజమే. పాదం చూడండి. బొటనవేలు నేలను గీరుతోంది. మడమ పక్కన తీగ లేస్తోంది, పడుతోంది. మీ యాప్‌కి ఇది కనబడుతోందా?

కోచ్: స్కోరు చూడండి! ఆకుపచ్చ!

యాంకర్: (చప్పట్లు) చూశారుగా, పల్లెటూరి పిల్లాడికి ఇంతకంటే ఏం కావాలి?

ఫిజియో: యాప్ వద్దనడం లేదండీ నేను. అదే ఫోన్, అదే చోట, అదే నేల మీద వారం వారం పరీక్షిస్తే కోలుకుంటున్నాడో లేదో తెలుస్తుంది. మేమూ వాడతాం. కానీ కదలకుండా నిలబడటం వేరు, గెంతి దిగుతూ పక్కకు మళ్లడం వేరు. పదహారేళ్ల పిల్లాడి కాలు అది. ఆ ఒక్క అంకెతో...

కోచ్: పదహారేళ్ల పిల్లాడికి సెలెక్షన్ ఏడాదికి ఒక్కసారే వస్తుంది మేడమ్! అది పోతే మీరిస్తారా?

ఫిజియో: ఆ రోజు ఫోన్ ఎక్కడ ఆనించారో, కళ్లు మూయించారో లేదో, గెంతించి చూశారో లేదో ఎవరైనా...

యాంకర్: సమయం అయిపోయింది మేడమ్. కోచ్ గారూ, పది సెకన్లలో చెప్పండి?

కోచ్: ప్రతి గ్రౌండ్‌లో ఈ యాప్ ఉండాలి. అంతే.

యాంకర్: చిన్న విరామం.