ఒకే తలుపు, రెండు తూకాలు: ఉద్యోగాల్లో బరువు వివక్ష

సభకు నమస్కారం.

మానవ వనరుల విభాగాల్లో పనిచేస్తున్నవారు, రేపు ఆ పనిలోకి రాబోతున్న విద్యార్థులు ఎక్కువగా ఉన్న ఈ సభలో, అందరికీ తెలిసి కూడా ఏ రికార్డులోకీ ఎక్కని ఒక వివక్షను గురించి మాట్లాడదలచాను. మనిషి ఒంటి బరువును చూసి ఉద్యోగం నిరాకరించడం, ఉన్న ఉద్యోగంలో పైమెట్టు ఎక్కనివ్వకపోవడం నా విషయం. కులాన్నో మతాన్నో చూసి దరఖాస్తును పక్కన పెట్టానని ఈ రోజుల్లో ఏ అధికారీ ఒప్పుకోడు. కాని "మనిషి మరీ లావు, క్లయింటు ముందు ఎలా కూర్చోబెడతాం" అనే మాట అనడానికి, అది వివక్ష అని తోచకపోవడం వల్లనే, ఎవరూ పెద్దగా జంకరు.

మన దేశంలో ఈ వివక్ష కాగితం మీద స్పష్టంగా కనిపించిన చోటు విమానయాన రంగం, ఎందుకంటే అక్కడ బరువు ఒక లిఖిత నిబంధన. ఎయిర్ హోస్టెస్‌ల శరీరం మీద యాజమాన్యాల ఆంక్షలు పాతవే. మొదటి గర్భంతోనే ఉద్యోగం పోయే నిబంధనను 1981లో నర్గీస్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకోరాదన్న నిబంధనను మాత్రం అదే తీర్పు నిలబెట్టింది. బరువు పెరిగారని విమానం ఎక్కనివ్వని ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగినులు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లినప్పుడు, 2007లో వారి వాదన వీగిపోయింది. పట్టుదలతో నత్త సైతం బైబిల్ కథలోని నోవా ఓడకు చేరగలిగినప్పుడు ఈ మహిళలు తూకంలో ఎందుకు నెగ్గలేరని ఆ తీర్పు ప్రశ్నించింది. 2009 జనవరిలో ఎయిర్ ఇండియా ఇదే కారణంతో దాదాపు పదిమంది ఎయిర్ హోస్టెస్‌లను ఉద్యోగాల నుంచే తొలగించింది.

నిబంధనకు యాజమాన్యాలు చెప్పే కారణం ప్రయాణికుల భద్రత. ప్రమాద సమయంలో సిబ్బంది చురుకుగా కదలాలన్నది కాదనలేని మాట. అయితే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2014లో తెచ్చిన నియమాల్లో బాడీ మాస్ ఇండెక్స్ (బీఎంఐ), అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్య, పురుష సిబ్బందికి 25 వరకు, మహిళలకు 22 వరకు మాత్రమే సాధారణంగా లెక్కకు వచ్చింది. లెక్క వేసి చూడండి. 160 సెంటీమీటర్ల ఎత్తు, 60 కిలోల బరువు ఉన్న మనిషి బీఎంఐ 23.4. ఆ మనిషి పురుషుడైతే విమానం ఎక్కడానికి అర్హుడు. స్త్రీ అయితే అధిక బరువు జాబితాలో చేరుతుంది. ఇద్దరూ తెరవవలసిన అత్యవసర ద్వారం ఒక్కటే, ఆర్పవలసిన మంట ఒక్కటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వయోజనులకు చెప్పే హద్దులు స్త్రీపురుషులకు సమానమే. మరి 25కూ 22కూ మధ్య ఉన్న ఆ తేడా భద్రత కోసం వచ్చిందా, ప్రయాణికుల కంటికి ఇంపుగా ఉండాలన్న కోరిక నుంచి వచ్చిందా? రెండవదేనని నా అభిప్రాయం. నిజంగా భద్రతే కావలసి ఉంటే కొలవడం కష్టం కాదు: తలుపు ఎంత సేపట్లో తెరిచారు, ఇరుకు నడవలో ఎంత త్వరగా కదిలారు, మంటలార్పే సిలిండరు ఎత్తగలిగారా అన్నది శిక్షణ కేంద్రంలో గడియారం పెట్టి చూడవచ్చు. అందులో తప్పినవారిని, సన్నగా ఉన్నా సరే, ఆపవలసిందే.

బీఎంఐ వెనక ఉన్న సూత్రాన్ని 1830లలో రూపొందించిన బెల్జియం గణాంకవేత్త కెట్లే వైద్యుడు కాడు. ఆయన వెతికింది జనసమూహపు సగటు మనిషిని. ఆ సూత్రం ఒక వ్యక్తి ఉద్యోగార్హతకు కొలబద్దగా మారడం చరిత్రలోని వింతల్లో ఒకటి.

విమానయానంలో నిబంధన ఉంది కనుక ఎదిరించడానికి ఒక లక్ష్యమైనా దొరికింది. మన ఆఫీసుల్లో నిబంధనే ఉండదు, ఉండేది మనసులోని విముఖతే. సికింద్రాబాద్‌లో పుట్టి, నిజాం కాలేజీలో, ఉస్మానియాలో చదివి హార్వర్డ్‌లో ఆచార్యులైన మహ్జరీన్ బనాజీ, తన సహ పరిశోధకురాలు టెస్సా చార్ల్స్‌వర్త్‌తో కలిసి 2007 నుంచి 2016 వరకు జరిగిన నలభై లక్షలకు పైగా పరీక్షల ఫలితాలను విశ్లేషించారు. మనకే తెలియకుండా మనసులో ఉండే విముఖతను కొలిచే పరీక్షలవి. ఆ పదేళ్లలో స్వలింగ సంపర్కుల పట్ల విముఖత దాదాపు మూడోవంతు తగ్గింది, జాతి విషయంలోనూ తగ్గింది, లావుగా ఉన్నవారి పట్ల మాత్రం కొంత పెరిగింది. జీతాల సంగతికి వస్తే, టిమోతీ జడ్జ్, డేనియల్ కేబుల్ అనే పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనం జర్మనీ, అమెరికా ఉద్యోగుల లెక్కలను పరిశీలించింది. స్త్రీలకు బరువు పెరిగేకొద్దీ జీతం తగ్గింది. అందులోనూ బాగా సన్నగా ఉన్నవారు సగటు బరువుకు చేరే దశలోనే ఆ కోత ఎక్కువ. పురుషులకు ఒక హద్దు వరకు బరువుతోపాటు జీతమూ పెరిగింది.

పదోన్నతి దగ్గర ఇది ఎలా పనిచేస్తుందో మీలో చాలామంది చూసే ఉంటారు. పనితీరును అంచనా వేసే అప్రైజల్ సమావేశంలో ఎవరూ బరువు మాట ఎత్తరు. "ఎనర్జీ తక్కువ", "లీడర్‌షిప్ ప్రెజెన్స్ లేదు" అంటారు. అంతకుముందు ఏడాదంతా క్లయింటు ఎదుట ప్రెజెంటేషన్ ఇచ్చే అవకాశం, విదేశీ ప్రయాణం వేరొకరికి వెళ్లి ఉంటాయి. ఆ అవకాశాలు రాకపోవడమే ఇప్పుడు అనుభవం లేకపోవడంగా ఫైలులోకి ఎక్కుతుంది. ఇక ఫిర్యాదు చేయడానికి ఆధారం ఎక్కడుంటుంది?

చట్టం సంగతి. మన రాజ్యాంగంలోని 16వ అధికరణం ప్రభుత్వ కొలువుల్లో మతం, కులం, లింగం, పుట్టిన చోటు వంటి కారణాలతో వివక్షను నిషేధిస్తుంది. అందులో బరువు లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాల్లోనూ స్థూలకాయం లేదు. ఇతర దేశాల్లో రెండు దారులు కనిపిస్తాయి. డెన్మార్క్‌కు చెందిన ఒక శిశు సంరక్షకుని కేసులో యూరోపియన్ న్యాయస్థానం 2014లో వైకల్యం దారి పట్టింది: లావు అన్నంత మాత్రాన రక్షణ లేదు, అది దీర్ఘకాలం పనికి అడ్డుపడే స్థాయిలో ఉంటే వైకల్యం కిందికి రావచ్చు. ఈ దారిలో ఒక చిక్కు ఉంది. చక్కగా పని చేయగలిగిన మనిషి, రక్షణ కోసం తాను పని చేయలేనని నిరూపించుకోవలసి వస్తుంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం 1976 నాటి చట్టంలోనే ఎత్తును, బరువును నేరుగా వివక్ష కారణాల్లో చేర్చింది. 2023లో న్యూయార్క్ నగరమూ అదే పని చేసి, బరువు వల్ల ఉద్యోగంలోని ముఖ్యమైన పనులు చేయడం అసాధ్యమై, ప్రత్యామ్నాయం కూడా లేనప్పుడు యజమానికి మినహాయింపు ఇచ్చింది. నాకు ఈ రెండో దారే సబబుగా తోస్తుంది. నిచ్చెనకో సేఫ్టీ బెల్టుకో తయారీదారు పెట్టిన బరువు పరిమితి ఉంటే, అంతకంటే ఎక్కువ మోసేది దొరకనప్పుడు, దాన్ని పాటించడం వివక్ష కాదు. రిసెప్షన్ బల్లకు అలాంటి పరిమితి లేదు.

చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేని పనులు మీ చేతిలోనే ఉన్నాయి. ఇంటర్వ్యూకు వచ్చిన అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి, చర్చకు ముందే ఎవరి మార్కులు వారు రాసి ఇవ్వమని ప్యానెల్‌ను కోరండి. "ప్రెజెన్స్ లేదు" అని రాసిన మేనేజరును, ఏ సమావేశంలో ఏ పని దెబ్బతిన్నదో రాస్తేనే ఆ వ్యాఖ్యను స్వీకరిస్తామని వెనక్కి పంపండి. క్లయింటు సమావేశాలకు, విదేశీ పనులకు ఏడాదిలో ఎవరెవరిని పంపారో ఒక జాబితా ఉంచి, పదోన్నతుల కమిటీ ముందు పెట్టండి. ఏటా జరిపే ఆరోగ్య పరీక్షల్లోని బరువు, బీఎంఐ వివరాలు ఉద్యోగికీ వైద్యునికీ మధ్యనే ఉండాలి. ఈసారి పరీక్షలు చేసే సంస్థతో ఒప్పందం రాసుకునేటప్పుడు, ఆ వివరాలు మేనేజర్లకు అందవన్న షరతును అందులో చేర్పించండి.