లివర్ గడ్డకు పైపు సరే, బిళ్లల సంగతేంటి?

అందరికీ నమస్కారం. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ల కడుతుంది కదా, అదే లింఫ్ గ్రంథి. లివర్ క్యాన్సర్ పాకినప్పుడు అలాంటి బిళ్లలు కడుపు లోపల, లివర్‌కు రక్తనాళాలు చేరే చోటా, వెన్నెముక ముందున్న పెద్ద ధమని పక్కనా కడతాయి. చేతికి తగలవు, స్కానింగ్‌లో బయటపడతాయి. ఆ రిపోర్టు పట్టుకుని ఒంగోలు నుంచో కావలి నుంచో చెన్నై రైలెక్కేవాళ్లు అడిగేది ఒకటే: "పైపు పెట్టి మందు వేస్తే పోదా?"

లివర్‌లోని గడ్డకైతే ఆ పద్ధతి, అంటే ధమనిలోంచి సన్నటి పైపు పంపి గడ్డకు మందు వేసి నాళం మూసే టేస్ (TACE), ఎందుకు పనిచేస్తుందో చూద్దాం. లివర్‌కు వచ్చే రక్తంలో ముప్పాతిక పోర్టల్ సిరది, పాతిక హెపాటిక్ ధమనిది. గడ్డ మాత్రం దాదాపు ధమని మీదే బతుకుతుంది. ధమని కొమ్మ మూస్తే గడ్డ ఎండుతుంది, మిగతా లివర్‌ను సిర నిలబెడుతుంది. ఆ సిర కూడా పూడిపోయి ఉంటే? రెండు తూములూ ఒకేసారి మూసినట్టే, లివర్ ఫెయిలయ్యే ప్రమాదం ఉంది.

గజ్జల్లోనో మణికట్టు దగ్గరో మత్తు ఇంజెక్షన్ చేసి ధమనిలోకి కేథెటర్ అనే సన్నటి పైపు దింపుతారు. దాని లోపలినుంచి మిల్లీమీటరు మందం కూడా లేని మైక్రోకేథెటర్‌ను గడ్డ కొమ్మ దాకా నడుపుతారు. సాధారణంగా 50 నుంచి 75 మిల్లీగ్రాముల డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందును లిపియోడాల్ నూనెలో కలిపి వదిలి, జెల్‌ఫోమ్ అనే స్పాంజి లాంటి తునకలతో ఆ కొమ్మను మూస్తారు. కొన్నాళ్లు జ్వరం, కుడి డొక్కలో నొప్పి, వాంతులు మామూలే. వారం దాటినా జ్వరం దిగక చలి, వణుకు వస్తుంటే లోపల చీము పట్టిందేమో చూడాలి.

బిళ్ల దగ్గర ఈ లెక్క కుదరదు. దానికి వచ్చే సన్నటి కొమ్మలు పేగుకో క్లోమానికో వెన్నుకో పోయే ధమనుల నుంచి చీలినవి. మందు అటు జారితే పేగులో పుండు, క్లోమంలో వాపు. నడుము ధమనిలోంచి వెన్నుపాము నాళం మూసుకుపోతే కాళ్లు పడిపోతాయి. నాళాలు ఎక్స్‌రేలో కనిపించేలా ఎక్కించే రంగుమందులో ఆ నాళం కనిపించిందా, కొమ్మను వదిలేయాల్సిందే.

బిళ్లలకు పాకితే, లివర్ క్యాన్సర్ ఎంత ముదిరిందో చెప్పే బార్సిలోనా లెక్కలో సీ దశ, అంటే ముదిరిన దశ. అక్కడ ముందుండాల్సింది ఒళ్లంతా తిరిగే మందు: సిరలోకి ఎక్కించే అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ జంట, లేదా లెన్వాటినిబ్ మాత్రలు. మాత్రలైతే 60 కిలోలు, ఆపైన బరువుంటే రోజుకు 12 మిల్లీగ్రాములు, తగ్గితే 8. బెవాసిజుమాబ్‌కు ముందు ఎండోస్కోపీ తప్పనిసరి అనుకోండి. అన్నవాహికలో ఉబ్బిన సిరలుంటే రక్తపు వాంతులయ్యే ప్రమాదం ఉంది. నొప్పి పెట్టే బిళ్లకు రేడియేషన్, పిత్తనాళాన్ని నొక్కే దానికి స్టెంట్. పైపు వీటికి తోడే, బదులు కాదు.

రక్తపరీక్షలో కామెర్ల తీవ్రత చెప్పే బిలిరుబిన్ 3 దాటితే టేస్ సాధారణంగా చేయరు. కళ్లు పచ్చబడ్డాక పసరు తాగుతూ నెల గడిపితే ఆ అవకాశం ఇంట్లోనే పోతుంది. కనిగిరి వైపు కిడ్నీ జబ్బులు ఎక్కువ. రంగుమందు కిడ్నీకి భారం కాబట్టి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ముందే చేయించుకోండి. చెన్నై పోయేటప్పుడు ఫిల్ములొక్కటే చాలవు, సీటీ సీడీ కూడా పట్టుకెళ్లండి. ఏ బిళ్లకు ఏ కొమ్మ పోతోందో డాక్టరు కంప్యూటర్లో ఒక్కో పొర తిప్పి చూడాలి.