ఈఎంఐ తగ్గింది సరే, మిగిలిన డబ్బు ఎటు పోవాలి? – స్టూడియో చర్చ

హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చకు ఇది అక్షరరూపం. మాటకు మాట అడ్డొచ్చిన చోట్లను సరిదిద్దకుండా అలాగే ఉంచాం. పాల్గొన్నవారు: రిటైర్డ్ బ్యాంకు మేనేజర్, చార్టర్డ్ అకౌంటెంట్, నల్లగండ్లలో ఫ్లాటు కొన్న ఐటీ ఉద్యోగిని.

యాంకర్: నమస్కారం. 2025లో ఆర్‌బీఐ నాలుగుసార్లు రెపో రేటు, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీ, తగ్గించింది. 6.5 శాతం నుంచి 5.25కి వచ్చింది. 50 లక్షల లోను, 20 ఏళ్ల గడువు అనుకుంటే, 8.75 శాతం వడ్డీకి ఈఎంఐ 44 వేల పైచిలుకు. అదే 7.5 అయితే 40 వేల పైచిలుకు. అంటే నెలకు దాదాపు 3,900 మిగులు. ఇంకోపక్క ఐటీ ఉద్యోగాల టెన్షన్. మిగిలింది ఇంటి అప్పుకే కట్టాలా, వద్దా? అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పుడు ఇదే గొడవ. నన్నడిగితే ఒకటే మాట. అప్పున్న ఇల్లు సొంతిల్లు ఎలా అవుతుందండి? మేడం, మీరు మొదలుపెట్టండి.

సీఏ: లెక్క చెప్తాను. 50 లక్షలకు 7.5 శాతం మీద ఈఎంఐ 40,280. మొదటి నెల అందులో 31,250 వడ్డీకే పోతుంది. అసలులో తగ్గేది 9 వేలే. కాబట్టి మొదటి ఏళ్లలో కట్టే ప్రతి అదనపు రూపాయికీ...

మేనేజర్: లెక్క కాదమ్మా, ఉద్యోగం పోతే ఏంటి?

సీఏ: వస్తున్నాను సార్. వడ్డీ తగ్గినా పాత 44 వేలే కడుతూ పోతే లోను మూడున్నరేళ్లు ముందే తీరిపోతుంది. పైగా కొత్త పన్ను విధానంలో, మనం ఉంటున్న ఇంటి వడ్డీకి మినహాయింపు లేదు. పాత విధానంలో 2 లక్షల దాకా ఉండేది కాబట్టి అప్పు ఉంచుకున్నా కొంత కలిసొచ్చేది. కొత్తదానికి మారినవాళ్లకు ఆ కారణం పోయింది.

యాంకర్: చూశారా! అంటే తీర్చేయడమే మంచిది. మన పెద్దవాళ్లు అప్పు చేసి ఇల్లు కట్టినా...

మేనేజర్: ఆగండాగండి. నేను ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో చేశాను. మియాపూర్‌లో ఒక కస్టమర్, బోనస్ మొత్తం తెచ్చి లోనులో కట్టాడు. ఆ తర్వాత ఉద్యోగం పోయింది. వచ్చి నా టేబుల్ ముందు కూర్చుని, "సార్, నేను కట్టిన దాంట్లో రెండు లక్షలు వెనక్కి ఇప్పించండి" అన్నాడు. ఎక్కడి నుంచి ఇస్తాం? కట్టింది కట్టినట్టే. చివరికి క్రెడిట్ కార్డు మీద క్యాష్ తీసి ఈఎంఐ కట్టాడు. ఇది పొదుపా?

సీఏ: అది ఒక్కరి కథ సార్...

మేనేజర్: ఒక్కరిది కాదు. నేను నోటీసులు సంతకం పెట్టినవాణ్ని. ఈఎంఐ 90 రోజులు దాటి బకాయి పడితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బకాయి. తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు. పోయినేడాది ఐదు లక్షలు ముందే కట్టావు కదా అని ఆ నోటీసు ఆగదు. బ్యాంకు అడిగేది ఈ నెల కిస్తీ!

యాంకర్: కానీ సార్, అప్పు లేని ఇంట్లో పడుకుంటే వచ్చే నిద్ర...

మేనేజర్: చేతిలో ఆరు నెలల ఖర్చు ఉంటే వచ్చే నిద్ర గురించి అడగండి.

ఉద్యోగిని: నేనొకటి చెప్పాలి. మా ఇంట్లో ఇద్దరిదీ ఐటీనే. 2025 జులైలో టీసీఎస్ 12 వేల మందికి పైగా తగ్గిస్తామని చెప్పాక మా ఆఫీసులోనూ అందరికీ భయం పట్టుకుంది. ఈఎంఐ, స్కూలు ఫీజు, మెయింటెనెన్స్, సరుకులు కలిపి మాకు నెలకు 95 వేలు. ఆరు నెలలంటే 5 లక్షల 70 వేలు. అంత ఊరికే ఖాతాలో పెట్టాలంటే మనసొప్పదు. పెట్టకపోతే నిద్ర పట్టదు.

యాంకర్: గేటెడ్ కమ్యూనిటీ మోజు వల్లే కదా మేడం ఈ మెయింటెనెన్స్‌లు? తెల్లాపూర్‌లో అయితే...

ఉద్యోగిని: మోజు కాదండి, పిల్లల కోసం. అదిప్పుడు విషయం కాదు కదా.

[గేటెడ్ కమ్యూనిటీల మీద కొన్ని నిమిషాల వాదన. ఇక్కడ వదిలేశాం, అసలు విషయానికి అందులో పనికొచ్చేది లేదు.]

సీఏ: కార్డు సంగతికి వస్తాను. ఇందులో మేనేజర్ గారితో నాకు తేడా లేదు. కార్డులో 2 లక్షలు బాకీ ఉంటే, నెలకు 3.5 శాతం చొప్పున 7,000 వడ్డీ. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, 1,260. అదే 2 లక్షలు ఇంటి లోనులో కడితే నెలకు ఆదా అయ్యేది 1,250. కార్డు వడ్డీ మీద పడే జీఎస్టీయే దానికంటే పది రూపాయలు ఎక్కువ.

మేనేజర్: అదీ! ఇది రాసి గోడకు అంటించుకోవాలి. మినిమం డ్యూ కట్టి, మిగిలింది హోమ్‌లోనుకు కట్టేవాళ్లను నేను కళ్లారా చూశాను. ముందు కార్డు. తర్వాత పర్సనల్ లోను. తర్వాత చేతిలో నిధి. ఇల్లు ఆఖరున.

సీఏ: ఆఖరున అనకండి. నిధి పూర్తయ్యేదాకా ఆగితే...

మేనేజర్: ఆఖరునే!

యాంకర్: ఒక కాలర్ ఉన్నారు, ఈసీఐఎల్ నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే అండి. వచ్చే నెల ఐదు లక్షల చిట్టీ పాడదామనుకుంటున్నాం. ఆ డబ్బు హోమ్‌లోనుకు కట్టమంటారా? గోల్డ్ లోను కూడా ఉంది, మా అమ్మ పెట్టిన గాజులు బ్యాంకులో ఉన్నాయి.

మేనేజర్: అమ్మా, చిట్టీ పాడాక మిగిలిన నెలల వాయిదాలు మీరే కట్టాలి. అది మీ డబ్బులా కనిపిస్తుంది కానీ పాడిన రోజు నుంచి అప్పే. పాటలో వదులుకున్నదే దానికి వడ్డీ. దాంతో 7.5 శాతం లోను తీర్చడం దేనికి? గాజులు విడిపించుకోండి. రేపు అవసరమొస్తే అదే బంగారం మళ్లీ గంటలో డబ్బవుతుంది.

యాంకర్: బంగారం మన ఆడవాళ్లకు సెంటిమెంట్ కూడా కదా...

ఉద్యోగిని: సెంటిమెంట్ కాదండి, అది ఆమె ఆస్తి. సార్, మా లోను 2018లో తీసుకున్నది. ఇన్నిసార్లు రెపో తగ్గినా మా వడ్డీ పెద్దగా కదల్లేదు. ఎందుకు?

సీఏ: అది ఎంసీఎల్ఆర్ లోను, అంటే బ్యాంకు తన సొంత నిధుల ఖర్చును బట్టి వేసే రేటుకు ముడిపడిన లోను, అయి ఉంటుంది. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ హోమ్‌లోన్లు రెపో లాంటి బయటి రేటుకు ముడిపడ్డాయి. పాతవి వాటంతటవి మారవు, మీరే బ్రాంచికి వెళ్లి మార్పించుకోవాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఆ రూలే లేదు. లోను ముందస్తుగా కట్టే ఆలోచన కంటే ముందు అసలు ఈ పని...

మేనేజర్: కరెక్టే, కానీ చేతిలో డబ్బు...

సీఏ: సార్, నన్ను పూర్తి చేయనివ్వండి. మీరన్న నిధి, నేనన్న ఆదా రెండూ కావాలంటే ఎస్‌బీఐ మ్యాక్స్‌గెయిన్ లాంటి ఓవర్‌డ్రాఫ్ట్ హోమ్‌లోన్లు ఉన్నాయి. మిగులు అందులో పెడితే ఆ మేరకు వడ్డీ పడదు, కావాల్సినప్పుడు తీసుకోవచ్చు...

మేనేజర్: తీసుకోవచ్చు కాబట్టే తీసేస్తారు! కారు కొంటారు!

సీఏ: మరి ఎఫ్‌డీలో పెట్టినా తీసేస్తారు కదా? మామూలు జీతగాళ్లకు ఖాతాలో కనిపించే డబ్బు నిలవదు. అందుకే నెలకు 3,900 అయినా లోనులోకి పోనివ్వమంటున్నాను.

మేనేజర్: నిలవదని మీరే అంటున్నారు. నిలిపే అలవాటు చేసుకోమని నేనంటున్నాను. ఆరు నెలలు! ఇద్దరిదీ ఒకే రంగమైతే తొమ్మిది నెలలు! ఒకే బ్యాంకులో 5 లక్షలు దాటించొద్దు, డిపాజిట్ బీమా అంతవరకే.

యాంకర్: అంటే ప్యానెల్ మొత్తం చేతిలో డబ్బు ముందు అంటోంది...

సీఏ: ప్యానెల్ మొత్తం అనలేదండి. సార్ అన్నారు.

యాంకర్: సమయం అయిపోయింది. కానీ మేడం, అప్పున్న ఇల్లు సొంతిల్లు అని మీరైనా అంటారా?

ఉద్యోగిని: కాగితాల మీద మా పేరే ఉంది. నాకది చాలు. నా ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. ఆరు నెలల నిధి కూడబెట్టడానికి మాకు రెండేళ్లు పడుతుంది. ఆ రెండేళ్లూ లోనులో ఒక్క రూపాయి కూడా అదనంగా కట్టకూడదా?

మేనేజర్: కట్టకూడదు.

సీఏ: కట్టాలి. కొద్దిగా అయినా...

మేనేజర్: కట్టకూడదమ్మా. ఫ్లోటింగ్ రేటు మీద ఇంటి లోను ముందే కడితే ఛార్జీలు లేవు, ఎప్పుడైనా కట్టుకోవచ్చు. తొందరేముంది? ఒకవేళ కట్టినా, గడువు తగ్గించమంటున్నారో, ఈఎంఐ తగ్గించమంటున్నారో కాగితం మీద రాసిచ్చి...

[ప్రసారం ఇక్కడ ఆగింది.]