పంటి చిగురు కొలవాలంటే గుచ్చాల్సిందేనా? అనంతపురం స్టూడియోలో అరగంట గోల

(వినపడినంత వరకు రాశాను. డాక్టరు గారి మైకు మొదటి నుంచీ తక్కువగానే ఉంది.)

యాంకర్: రెండ్రోజులుగా మన ఊరి ఒకామె వీడియో వాట్సాప్‌లో తిరుగుతా ఉంది. పళ్ల సందులో చిగురు ఎంతుందో చూస్తామని మత్తిచ్చి, ఎముక తగిలేదాకా గుచ్చినారంట. డాక్టర్ గారూ, ఇదంతా బిల్లు కోసమేనా?

చిగుళ్ల డాక్టరు: కాదండీ, బోన్ సౌండింగ్ అంటాం, పాత పద్ధతే. రెండు పళ్లు ఆనుకునే చోటి నుంచి ఎముక అంచు దాకా దూరం తెలియాలి. 1992లో టార్నో అనే దంతవైద్యుడి బృందం చెప్పింది, 5 మిల్లీమీటర్ల లోపుంటే సందు చిగురుతో దాదాపు ఎప్పుడూ నిండుతుంది, 6 అయితే 56 శాతం, 7 అయితే 27...

స్కానింగ్ సెంటర్ ఓనరు: సార్, సార్, ఒక్క నిమిషం. సీబీసీటీ, అదే పళ్ల త్రీడీ ఎక్స్‌రే స్కాన్, తీస్తే సరిపోదా? గుచ్చేదెందుకు?

డాక్టరు: ఎముక బాగా కనిపిస్తుంది. చిగురే, పెదవికి ఆనుకుని ఉంటే, అంతా ఒకే బూడిద రంగు. పెదవి ఎడంగా పట్టి తీస్తే...

ఓనరు: అదే కదా నేను చెప్పేది!

రిటైర్డ్ టీచరమ్మ: నాకు సందు పడింది నాయనా. ఉగ్గాని తింటే బొరుగులన్నీ అందులోనే.

యాంకర్: అమ్మా, మన జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కదా, దానివల్లేనా?

డాక్టరు: ఫ్లోరైడ్‌తో పంటి మీద మచ్చలొస్తాయి, సందు వేరే విషయం. కొలతకు ఇంకో దారి ఉంది, చిగురు కొసన చుక్కంత బేరియం సల్ఫేట్ పేస్టు పెట్టి చిన్న ఎక్స్‌రే తీస్తే ఆ చుక్క తెల్లగా పడుతుంది. అక్కడి నుంచి ఎముకకు కొలవడమే. ఫిల్ము వంకరగా ఉంటే మాత్రం కొలత తప్పుతుంది.

యాంకర్: ఆ చుక్కకు ఎంత తీసుకుంటారు?

(ఇక్కడ ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. అల్ట్రాసౌండ్ అయితే రేడియేషనే ఉండదని, నోట్లో పెట్టే స్కానర్‌కు పైపైన ఆకారమే తప్ప ఎముక తెలీదని డాక్టరు చెప్పినట్టుంది.)

ఓనరు: నేను మళ్లీ చెప్తున్నా, సీబీసీటీ!

డాక్టరు: ఒక్క సందు కోసం అంత రేడియేషన్...

యాంకర్: టైమ్ లేదు సార్. అన్నా, చివరి మాట మీది.

ఓనరు: మా సెంటర్‌లో అయితే...