ఓవెన్‌లో మిమ్మల్ని చంపేది ఆ గులాబీ పింగాణీ కాదు, దాని పక్కనున్నది!

మళ్లీ అదే వీడియో! పాత మైక్రోవేవ్ ఓవెన్ విప్పుతారు, లోపల తరంగాల్ని పుట్టించే భాగం మాగ్నెట్రాన్‌ను బయటికి లాగుతారు, దాని కొసన ఉన్న గులాబీ రంగు పింగాణీని కెమెరాకు చూపించి "ఇది బెరీలియం ఆక్సైడ్, పగిలిందా ప్రాణం పోయినట్టే" అంటారు. నాకు ఒళ్లు మండిపోతోంది. ఆ మనిషి మోకాలి పక్కనే ట్రాన్స్‌ఫార్మర్ పడి ఉంది. దాని గురించి ఒక్క ముక్క లేదు!

ఇళ్లలో వాడే ఓవెన్ మాగ్నెట్రాన్‌లో మామూలుగా ఉండేది అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్ పింగాణీ. రంగు చూసి బెరీలియం అని తేల్చేసేవాళ్లను నమ్మకండి.

అసలు ఆ పింగాణీ చేసే పని చూడండి. లోపల ఎలక్ట్రాన్లను వదిలే కాథోడ్ మీద మైనస్ 4000 వోల్టుల దాకా ఉంటుంది, బయటి డొక్కు ఎర్త్‌లో ఉంటుంది. మధ్యలో అడ్డుకునేది పింగాణీయే. పైకొసన ఉన్న పింగాణీకి ఇంకో పని: గాలిని లోపలికి రానివ్వకూడదు, 2450 మెగాహెర్ట్జ్ తరంగాల్ని మాత్రం బయటికి వదలాలి. దాన్ని లోహానికి అతికించడం మాటలు కాదు. మాలిబ్డినం, మాంగనీస్ ముద్ద పూసి, హైడ్రోజన్ కొలిమిలో 1400 డిగ్రీలు దాటించి కాల్చి, నికెల్ పూత వేసి, అప్పుడు వెండి-రాగి టంకం పెడతారు. అంత పని జరిగిన ముక్కను పట్టుకుని విషం అంటారా?

మరి బెరీలియం ఆక్సైడ్ ఎక్కడుంది? నిజంగా పవర్ పిండే చోట. అది కరెంటును ఆపుతూనే వేడిని అల్యూమినా కంటే దాదాపు పది రెట్లు వేగంగా లాగేస్తుంది. ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లలో వాడిన బీఎల్ఎఫ్ 278 ట్రాన్సిస్టర్ డేటాషీట్ (కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) తెరవండి. ఇందులో బెరీలియం ఆక్సైడ్ ఉంది, ఆ ఆక్సైడ్ బిళ్ల దెబ్బతినకపోతే ప్రమాదం లేదు అని కంపెనీయే చెప్పింది. దాన్ని గీకి, ఆ ధూళి పీలిస్తేనే ఊపిరితిత్తుల జబ్బు, అదీ ఏళ్ల తర్వాత బయటపడొచ్చు. నా లెక్క ఒకటే: రేడియో వాళ్ల ఆ హెచ్చరికే నోళ్లు మారి మారి వచ్చి ఓవెన్ మీద పడింది.

ఈలోగా ట్రాన్స్‌ఫార్మర్ సంగతి? సుమారు 2000 వోల్టులు! ఒక్కసారి తగిలితే చాలు. ప్లగ్ పీకేశాక కూడా, చార్జ్ దాచుకునే భాగమైన కెపాసిటర్‌లో చార్జ్ మిగిలి ఉండొచ్చు. అమెరికాలో ఈ ట్రాన్స్‌ఫార్మర్‌తో చెక్క మీద మెరుపు డిజైన్లు కాల్చబోయి మనుషులే పోయారు. అక్కడి చెక్క లేత్ పనివాళ్ల సంఘం తన కార్యక్రమాల్లో ఆ పనినే నిషేధించింది.

"అయితే పింగాణీ పగలగొట్టొచ్చా అన్నా?" వద్దు. ఏ పింగాణీ పొడైనా సరే, పీల్చకండి. మీ దగ్గర పాత ట్రాన్స్‌మిటర్ బోర్డు ఉంటే పార్ట్ నంబర్ కామెంట్‌లో పెట్టండి, డేటాషీట్ చూసి చెబుతాను.