పొద్దున పదింటికి పొగ ఉండదు

సభకు నమస్కారం. అధ్యక్షులవారు నాకు పది నిమిషాలు ఇచ్చారు. అందుకని పరిచయాలూ కృతజ్ఞతలూ వదిలేసి నేరుగా విషయానికి వస్తాను. ఇళ్ళలో చలి కాచుకునే కట్టెల పొయ్యిలకు ఒక కట్టుబాటు కావాలి. అది రాత్రిపూట పనిచేసే కట్టుబాటు కావాలి.

రాత్రి అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, చలికాలంలో పొద్దుగుంకాక నేల తొందరగా చల్లబడుతుంది. నేలను అంటుకున్న గాలి చల్లబడి, బరువెక్కి కిందే ఉండిపోతుంది. దాని మీద వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. గొట్టంలోంచి వచ్చిన పొగ పైకి పోలేక వీధిలోనే పరుచుకుంటుంది. అందరూ పొయ్యిలు రాజేసేదీ ఆ వేళకే. ఆ పొగలోని కణాల్లో చాలావరకు 2.5 మైక్రాన్లకన్నా సన్నవి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తలుపులు వేసుకున్నా సందుల్లోంచి వస్తాయి, ఊపిరితిత్తుల లోతుకు దిగుతాయి. కట్టె చెట్టునుంచి వచ్చిందే కదా, దాని పొగ ఏం చేస్తుందని నాతో వాదించినవాళ్ళున్నారు. క్యాన్సర్ తెచ్చే బెంజోపైరీన్ సిగరెట్ పొగలో ఉంది, కట్టెపొగలోనూ ఉంది.

ఇక్కడ లెక్కలు చెప్దామని రాసుకొచ్చాను. కానీ ముందు మా చిన్నవాడి సంగతి చెప్పనివ్వండి. అది చెప్పకపోతే నాకు మాట ముందుకు సాగదు.

వాడికప్పుడు ఆరేళ్ళు. ఉబ్బసం. ఆ చలికాలమంతా రాత్రి తొమ్మిది దాటితే చాలు, ఇంట్లోకి కమురు వాసన వచ్చేది. కిటికీ సందుల్లో తడి తువ్వాళ్ళు కుక్కేదాన్ని. వాడు పడుకోలేక మంచం మీద ముందుకు వంగి, చేతులు మోకాళ్ళకు ఆనించి కూర్చునేవాడు. ఊపిరి లాగినప్పుడల్లా గొంతు కింద గుంట లోపలికి పోయేది. నేను ఆ గుంటనే చూస్తూ, నిమిషానికి ఎన్నిసార్లు పోతోందో లెక్కపెట్టేదాన్ని. గంటలకొద్దీ అదే పని.

ఫిర్యాదు రాశాను. కొన్నాళ్ళకు ఒక ఉద్యోగి వచ్చాడు. ఎప్పుడు వచ్చాడు? పొద్దున పదింటికి! ఎండ కాస్తోంది, గాలి ఆడుతోంది, పక్కింటి పొయ్యి ఆరిపోయి ఉంది. "పొగ కనబడలేదు" అని రాసుకుని వెళ్ళిపోయాడు. రాత్రి రమ్మని మళ్ళీ రాశాను. పనివేళలు సాయంత్రం ఐదు వరకేనని జవాబు. పొగ తొమ్మిదింటికి వస్తుందని కాగితం మీద రాసిచ్చాను కదండీ! మూడోసారి అడిగితే గాలిలో ధూళి రోజు సగటు బాగానే ఉందన్నారు. నాలుగు గంటల పొగను ఇరవై గంటల మంచి గాలిలో కలిపి భాగిస్తే సగటు బాగానే ఉంటుంది. మావాడు ఆయాసపడింది ఆ నాలుగు గంటల్లో.

పక్కింటి పెద్దాయన మీద నాకు కోపం లేదు. ఒక రాత్రి వెళ్ళి ఆయన పొయ్యి చూశాను. నిండా పచ్చికట్టెలు. కోసిన చివర్లనుంచి నీళ్ళు నురగ కడుతూ బుసబుసమంటున్నాయి. నిప్పు తెల్లారేదాకా నిలవాలని గాలి వెళ్ళే దారి పూర్తిగా మూసేశారు. మంట లేదు, కుములుతోంది. అలా కుమిలేటప్పుడే పొగ ఎక్కువ. "ఇది తప్పని నాకెవరూ చెప్పలేదమ్మా" అన్నారాయన. నిజమే, ఎవరు చెప్పారు?

చెప్పిన చోట్లు ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని లాన్సెస్టన్‌లో 2001లో పాత పొయ్యిలు మార్పించే పని మొదలుపెట్టారు. కట్టె హీటర్లున్న ఇళ్ళు 66 శాతం నుంచి 30 శాతానికి తగ్గాయి. ఇందాక నేను తప్పుపట్టిన ఆ రోజు సగటు కూడా అక్కడ దిగింది. చలికాలంలో పీఎం 10, అంటే పది మైక్రాన్లకు మించని సన్న ధూళి, ఘనపు మీటరుకు 44 మైక్రోగ్రాముల నుంచి 27కి వచ్చింది. అమెరికాలో లిబ్బీ అనే చిన్న ఊళ్ళో 2005, 2007 మధ్య 1100కు పైగా పొయ్యిలు మార్చారు. కెనడాలోని మాంట్రియల్‌లో 2018 అక్టోబరు నుంచి గంటకు 2.5 గ్రాములకన్నా ఎక్కువ కణాలు వదిలే పొయ్యి వెలిగించకూడదు.

మీలో కట్టెలపొయ్యి ఉన్నవాళ్ళు ఒక్కసారి చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. దించకండి, మీతోనే మాట్లాడుతున్నాను. మీ పొయ్యి పీకేయమనడం లేదు. వెచ్చదనానికి వేరే దారి లేని ఇంటికి ముందు డబ్బు అందాలి, ఆ తర్వాతే నిబంధన. మిగిలినవాళ్ళం గాలి కదలని రాత్రి వెలిగించొద్దన్న కబురు మధ్యాహ్నమే అందుకుని పాటించాలి. ఫిర్యాదు వస్తే చూడ్డానికి రాత్రి తొమ్మిదింటికి మనిషి రావాలి. ఈ మాట మూడోసారి అంటున్నానని తెలుసు. రాత్రి తొమ్మిదింటికి.

ఆ కట్టుబాటు వచ్చేదాకా ఒక పని మీ చేతిలోనే ఉంది. ఇవాళ పొయ్యి రాజేసిన అరగంటకు బయటికి వచ్చి గొట్టం వైపు చూడండి. అప్పటికీ పొగ కనిపిస్తుంటే లోపలికెళ్ళి గాలి వెళ్ళే దారి తెరవండి.