మణికట్టు చెప్పే మాట

శ్రోతలందరికీ నమస్కారం.

మీ పక్కన ఎవరైనా ఉంటే, వాళ్ల మణికట్టు ఒకసారి మెల్లగా పట్టుకోండి. గదిలో ఉన్న ఏదో ఒక వస్తువును, తాళంచెవో కళ్లజోడో, మనసులో గట్టిగా తలుచుకోమనండి. నోటితో ఏమీ చెప్పకూడదు. ఇప్పుడు ఆ చేతిని కాస్త ఎడమకు, కాస్త కుడికి జరిపి చూడండి. ఒకవైపు చెయ్యి బిగుసుకుంటుంది, ఇంకోవైపు తేలిగ్గా వచ్చేస్తుంది. ఆ తేలికైన వైపే నడవండి. వస్తువు దాటి ఒక్క అడుగు ముందుకు వేశారంటే చెయ్యి వెనక్కి గుంజినట్టవుతుంది. తనేమీ చెప్పలేదని ఆ మనిషి ఒట్టేసి మరీ అంటారు. అది నిజమే, చెప్పింది కండరాలు. మొదటిసారే కుదరకపోవచ్చు. నాకు కుదరడానికి నెలలు పట్టింది.

మనం ఒక కదలికను తలుచుకుంటే చాలు, మనకు తెలియకుండానే ఒళ్లు ఆ కదలికను కొద్దిగా మొదలుపెడుతుంది. 1852లో విలియం కార్పెంటర్ అనే శాస్త్రవేత్త దీనికి ఐడియోమోటార్ అని పేరు పెట్టాడు. 1870ల్లో అమెరికాలో రాండల్ బ్రౌన్, ఆ తర్వాత వాషింగ్టన్ ఇర్వింగ్ బిషప్ దీన్ని వేదిక మీదికి తెచ్చారు. ప్రేక్షకులు దాచిన వస్తువును వెతికి తీస్తుంటే జనం విరగబడి చూశారు. వేదిక మీద మనసు చదివినట్టు చూపించే ఈ కళనే ఇప్పుడు మెంటలిజం అంటున్నాం, చేసేవాళ్లను మెంటలిస్టులంటున్నాం.

దీన్నే వృత్తిగా పెట్టుకోవాలనుకునే యువతీయువకులు నన్ను ముందుగా అడిగేది రహస్యాల గురించి. ఏ పద్ధతి నేర్చుకోవాలి, ఏ సామాను కొనాలి అని. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఉన్న డబ్బంతా కవర్లకూ కార్డులకూ పెట్టాను. అసలు నేర్చుకోవాల్సింది వేరే ఉందని ఒక ప్రదర్శనలో తెలిసొచ్చింది.

ముందు వరుసలో కూర్చున్న ఒకాయన్ని వేదిక మీదికి పిలిచాను. రానన్నారు. చప్పట్లు కొట్టించి రప్పించాను. కాగితం మీద ఒక మాట రాయమంటే ఆయన చేతులు వణికాయి. ఆ కాగితం గరగర మైకులో హాలంతా వినిపించింది. నేను మైకులోనే, "అంత టెన్షన్ ఎందుకండీ?" అని నవ్వాను. హాలు కూడా నవ్వింది. చివరికి ఆయన రాసిన మాట అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. చప్పట్లు మాత్రం చాలా పలచగా వచ్చాయి. ఆయన తల వంచుకుని మెట్లు దిగి వెళ్లారు. ఆ నిర్వాహకులు నన్ను మళ్లీ పిలవలేదు.

ఆ రోజు నా పద్ధతిలో లోపం లేదు, నేను ఆయనతో ప్రవర్తించిన తీరులో ఉంది. హాల్లో కూర్చున్న ప్రతివాళ్లూ వేదిక మీదున్న మనిషి స్థానంలో తమను ఊహించుకుంటారు. ఆ మనిషిని చిన్నబుచ్చితే అందరినీ చిన్నబుచ్చినట్టే. అందుకే ఇప్పుడు ముందుగా మైకు పక్కన పెట్టి, వేదిక మీదికి వచ్చినవాళ్ల పేరు అడుగుతాను. ఒక మాట తప్పినా ఫరవాలేదని చెవిలో చెబుతాను. వాళ్ల ముఖం ప్రేక్షకులకు కనిపించేలా నిలబెట్టి, నేను అరడుగు వెనక ఉంటాను. ఆశ్చర్యం పుట్టేది వాళ్ల ముఖంలో కాబట్టి జనం చూడాల్సింది వాళ్లనే. ఆఖర్న చప్పట్లు వాళ్ల పేరు మీద అడుగుతాను, మెట్ల దాకా వెళ్లి దింపి వస్తాను. ఈ చిన్న పనుల వల్ల నాకు వచ్చినన్ని పిలుపులు ఏ రహస్యం వల్లా రాలేదు.

తప్పిపోతే ఏం చేయాలన్నది అందరికీ ఉండే భయమే. ఇంద్రజాలికుడి చేతిలోంచి దాచిన నాణెం జారిపడితే ఆట అక్కడితో అయిపోయినట్టే. మనసు చదివేవాడు ఒక అక్షరం తప్పు చెబితే, పాపం ఎంత కష్టపడుతున్నాడో అనిపిస్తుంది. అమెరికాలో క్రెస్కిన్ అనే ప్రసిద్ధ మెంటలిస్టు తన పారితోషికం చెక్కును ప్రేక్షకుల చేత హాల్లో ఎక్కడైనా దాచిపెట్టించి, వెతికి తీసేవాడు. దొరక్కపోతే ఆ డబ్బు వదులుకోవాలి. కొన్నిసార్లు దొరకలేదు, వదులుకున్నాడు కూడా. ఓడిపోయే వీలు నిజంగా ఉంది కాబట్టే జనం ఊపిరి బిగబట్టి చూసేవారు.

ఇదంతా రేడియోలో చెప్పడం నాకెంతో ఇష్టంగా ఉంది. ఎందుకంటే ఈ కళకు రేడియోతో పాత చుట్టరికం. జోసెఫ్ డనింజర్ అనే మెంటలిస్టు 1943లో అమెరికా రేడియోలో మనసులు చదివాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్‌లోని చాంగీ యుద్ధఖైదీల శిబిరంలో ఉన్న ఆస్ట్రేలియా సైనికుడు సిడ్నీ పిడింగ్టన్, తోటి ఖైదీల కోసం ఈ విద్య సాధన చేశాడు. యుద్ధం ముగిశాక భార్య లెస్లీతో కలిసి 1949లో బీబీసీ రేడియోలో చేస్తే బ్రిటన్ అంతా చెవులు రిక్కించి వింది. కళ్లకు ఏమీ కనిపించకుండా ఇంత ఉత్కంఠ ఎలా కలిగించారు? మాటతో. అందుకే కొత్తవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మీ ప్రదర్శనను వీడియో కాకుండా ఫోన్లో గొంతు మాత్రమే రికార్డు చేయండి. కళ్లు మూసుకుని వినండి. ఎక్కడ ఏం జరుగుతోందో మీకే అర్థం కాకపోతే, ఆ మాటలు మళ్లీ రాసుకోవాల్సిందే.

ఇక సంపాదన సంగతి. ఉన్న ఉద్యోగం వెంటనే మానేయకండి. ముందు 20 నిమిషాల గట్టి అంశం ఒకటి తయారు చేసుకుని, అదే పదే పదే చేయండి. గంట ప్రదర్శన దానంతటదే పెరుగుతుంది. ఒప్పందం కాగితం మీద ఉండాలి, అడ్వాన్సు తీసుకోవాలి, మైకు ముందే పరీక్షించుకోవాలి.

ఇంకొక్క విషయం, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. 1948లో బెర్‌ట్రామ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులకు, ఇది మీ వ్యక్తిత్వ విశ్లేషణ అని తలా ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో చెప్పమంటే 5కు సగటున 4కు పైగానే మార్కులు వేశారు. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం! మనుషులు అంత సులువుగా నమ్ముతారు. బాధలో ఉన్నవాళ్లు ఇంకా సులువుగా నమ్ముతారు.

ఒక రాత్రి హాలు ఖాళీ అయ్యేదాకా ఆగి ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. ఇల్లు వదిలి వెళ్లిన కొడుకు ఎక్కడున్నాడో చెప్పమన్నారు. నాకు తెలియదన్నాను. "మరి నా స్నేహితుడి పేరు ఎలా చెప్పావు బాబూ?" అన్నారు. అది సాధనతో నేర్చుకున్న విద్య అండీ, దివ్యదృష్టి కాదు అన్నాను. ఆయన నమ్మలేదు. చెప్పడం ఇష్టం లేక దాస్తున్నాననుకుని కోపంగా వెళ్లిపోయారు.

ముందే చెప్పేస్తే ఆశ్చర్యం పోతుందని నా తోటి కళాకారులు కొందరంటారు. నాకలా అనిపించలేదు. మరుసటి ప్రదర్శన నుంచి మొదటి నిమిషంలోనే చెబుతున్నాను: "నాకు అతీంద్రియ శక్తులేవీ లేవు. మీరు చూడబోయేది మాట, గమనింపు, సాధన కలిసిన ఒక ఆట. రండి, ఆడదాం."

నమస్కారం.